తాతగారి పాత రివాల్వర్లు: అమ్మే ముందు వాటి విలువ ఎలా కట్టాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఊరు కల్వకుర్తి దగ్గర. తాతగారు పోయారు. ఆయన పేరు మీద మహబూబ్‌నగర్ కలెక్టరేట్ ముద్ర ఉన్న పాత లైసెన్స్ పుస్తకం, అందులో రెండు రివాల్వర్లు. రెండూ ఇప్పుడు పట్నంలో ఒక డీలర్ దగ్గర డిపాజిట్‌లో ఉన్నాయి. ఒకటి పెద్దది, వెబ్లీ మార్క్ 6, మీద 1916 అని ఉంది. రెండోది చిన్నది, నికెల్ పూత, స్మిత్ అండ్ వెసన్, 32 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత), నడుము దగ్గర విరిచి తెరిచే రకం. అమెరికా వేలంపాటల్లో వెబ్లీ ధర చూసి మీకు ఆశ పుట్టింది. ఇక్కడేమో ఒకాయన రెండింటికీ కలిపి మరీ తక్కువ చెప్పాడు. చిన్నదానికి కొత్తగా నికెల్ వేయించి అమ్మితే రేటు పెరుగుతుందా అన్నది చివరి ప్రశ్న.

చివరి దాంతోనే మొదలుపెడతా, ఎందుకంటే అది ఈ వారంలోనే జరిగిపోయే ప్రమాదం ఉంది. వేయించొద్దు. పూతే కాదు, పాలిష్ వద్దు, ఎమరీ కాగితం వద్దు, ఇత్తడి సామాన్లు తోమే పేస్టు అసలే వద్దు. అలా మెరిపించి తెచ్చిన తుపాకులు నా రిపేర్ బల్ల మీదకు చాలా వచ్చాయి. తెచ్చినవాళ్లు ఎంత సంతోషంగా తెచ్చేవాళ్లో, రేటు విన్నాక అంత డీలా పడేవాళ్లు. ఎందుకు పడిపోతుందో కింద చెబుతాను.

ఇక అసలు సంగతి. మన దగ్గర పాత రివాల్వర్‌కు ధర కట్టేటప్పుడు ముందు చూసేది లైసెన్స్, ఆ తర్వాత తూటా, ఆ తర్వాతే తుపాకీ. యూట్యూబ్‌లో, విదేశీ వెబ్‌సైట్లలో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. వాళ్లకు తుపాకీయే ముందు. అందుకే ఆ ధరలు చూసి ఇక్కడ బేరానికి కూర్చుంటే ఎదుటివాడు మోసం చేస్తున్నాడనిపిస్తుంది. ఒక్కోసారి చేస్తాడు కూడా, అది వేరే విషయం.

అమెరికాలో ఒక మనిషి గదినిండా వెబ్లీలు పెట్టుకోవచ్చు. మార్క్ 1 నుంచి మార్క్ 6 దాకా వరుస పూర్తి చేయాలనే పట్టుదలతోనే ధర పెంచుతాడు. మన దగ్గర 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించాక ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అంతకు ముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినవైనా ఆ రెండులోనే లెక్క. పోటీల్లో పాల్గొనే షూటర్లకు వేరే వెసులుబాటు ఉంది, వాళ్ల సంగతి వదిలేయండి. అంటే మీ వెబ్లీని కొనేవాడు తనకున్న రెండు అవకాశాల్లో ఒకటి దానికి ఖర్చు పెట్టాలి. ఇంట్లో రక్షణకని ఒక తుపాకీ, పొలం దగ్గరికని ఇంకో తుపాకీ ఉన్నవాడికి ఎంత ముచ్చటపడినా మూడోది ఎక్కించుకునే దారి లేదు. సేకరణ కోసం కొనేవాళ్లు ఇక్కడ ఎంత తక్కువో దీన్నిబట్టి మీరే ఊహించుకోండి.

దేశం బయటికి అమ్మడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే వాట్సాప్‌లో ఎవరో ఒకరు మీకు ఆ ఆశ పెడతారు. వందేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. దాన్ని మామూలు మనిషి దేశం దాటించకూడదు. మీ వెబ్లీ 1916ది, అంటే వందేళ్లు ఎప్పుడో దాటింది. దీనికి తోడు ఆయుధాల ఎగుమతి నిబంధనలు ఉండనే ఉన్నాయి. కాబట్టి డాలర్లలో చూసిన ధరను రూపాయల్లోకి మార్చి పెట్టుకున్న లెక్క ఏదైనా ఉంటే కొట్టేయండి.

ఇప్పుడు తూటా. ఇక్కడే మీ పెద్దదానికి అసలు దెబ్బ. వెబ్లీ మార్క్ 6 అంటే .455 బోర్. మన నిబంధనల ప్రకారం .380 లేదా .455 అంచు తూటా (అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చినది), సర్వీసు 9 మిల్లీమీటర్ తూటా, .45 అంచులేని తూటా పట్టే పిస్తోళ్లు, రివాల్వర్లు ప్రొహిబిటెడ్ బోర్. వీటికి లైసెన్స్ కలెక్టర్ చేతిలో ఉండదు, కేంద్ర హోంశాఖ దాకా వెళ్లాలి. పాత పుస్తకంలో ఎప్పుడో ఎక్కింది కదా అంటే, అది మీ తాతగారి వరకే. కొనేవాడికి తన సొంత అనుమతి ఉండాలి. ప్రపంచమంతా ముచ్చటపడే తుపాకీ మన దగ్గర అమ్మడానికి అన్నిటికంటే కష్టమైనది కావడం విచిత్రమే. అదే కాలంలో వచ్చిన 32 బోర్ కోల్ట్ పోలీస్ పాజిటివ్ గానీ, వెబ్లీ వాళ్లే చేసిన 32 బోర్ చిన్న రివాల్వర్ గానీ అయితే, వాటికి అమెరికాలో పెద్దగా గిరాకీ లేకపోయినా, ఇక్కడ డీలర్ వెంటనే ఫోన్ ఎత్తుతాడు. అవి నాన్ ప్రొహిబిటెడ్ బోర్. జిల్లాలో ఇచ్చే మామూలు లైసెన్స్ చాలు.

పైగా 1980ల మధ్య నుంచి మామూలు పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. దేశంలో అప్పటికే ఉన్నవే చేతులు మారుతున్నాయి. అందుకే మంచి స్థితిలో ఉన్న 32 బోర్ విదేశీ రివాల్వర్‌కు ఇక్కడ పలికే ధర బయటి దేశాల వాళ్లకు నమ్మశక్యంగా ఉండదు. అది పాతదనానికి పలికే ధర కాదు, దొరకకపోవడానికి పలికే ధర. కాన్పూర్‌లో తయారయ్యే దేశీయ రివాల్వర్ ఎప్పుడూ పక్కన పోటీకి ఉంటుంది. 2014లో అక్కడి నుంచే నిర్భీక్ అనే రివాల్వర్ వచ్చినప్పుడు దాని ధరే లక్షా ఇరవై వేలు దాటింది. ఇప్పుడు వెబ్లీ పేరుతోనే ఉత్తరప్రదేశ్‌లో 32 బోర్ పిస్తోళ్లు తయారవుతున్నాయి. కొనేవాడు వీటన్నిటినీ మనసులో పెట్టుకునే మీ దగ్గరికి వస్తాడు.

చిన్నదాని సంగతి కొంచెం ఓపిగ్గా చూడాలి. '32 బోర్' అని అందరూ ఒకే మాట అంటారు గానీ, అందులో ఒకే తూటా లేదు. కాన్పూర్ రివాల్వర్లు ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ అనే పొడవు తూటాకు చేసినవి. మీరు చెప్పిన విరిచి తెరిచే పాత స్మిత్ అండ్ వెసన్ డబుల్ యాక్షన్ రకం (ట్రిగ్గర్ లాగితే చాలు, అదే ఎక్కుపెట్టుకుని పేలేది) ఐదు తూటాలది. అది పొట్టి 32 తూటాకు చేసింది. పొడవుది అందులో సరిపోదు. అంటే లైసెన్స్ దొరికే బోర్ అయినా, ఆత్మరక్షణకని కొనేవాడు 'తూటాలెక్కడ?' అని అడిగి వెనక్కి వెళ్తాడు. మీ చిన్నదానికి తక్కువ ధర చెప్పినాయన మనసులో ఈ లెక్కే ఉండొచ్చు. అది పూర్తిగా అన్యాయమని అనలేను. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. పనికొచ్చే విలువ తగ్గినచోట సేకరణ విలువ పైకి వస్తుంది, పూత అసలుదైతే. అందుకే ముందు ఆ పూత అసలుదో కాదో తేల్చాలి.

డీలర్ దగ్గరికి వెళ్లినప్పుడు, ఆయన చేతే తెరిపించి, సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) ఖాళీగా ఉందని మీ కళ్లతో చూశాక, కిటికీ పక్కన పగటి వెలుతురులో పట్టుకుని చూడండి. ట్యూబ్‌లైటు కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. మొదట ట్రిగ్గర్ గార్డ్ చూడండి, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు. ఆ కాలపు స్మిత్ అండ్ వెసన్ విరిచే రకాల్లో ఒళ్లంతా నికెల్ ఉన్నా ఆ వంపు మాత్రం నల్లనీలంగా ఉండేది. తర్వాత హ్యామర్ (వెనక ఉండే, తూటా మీద దెబ్బ కొట్టే సుత్తి లాంటి భాగం), ట్రిగ్గర్. వాటిని నికెల్‌లో ముంచేవాళ్లు కాదు, వేడి మీద గట్టిపరిచి వదిలేసేవాళ్లు. దగ్గరగా చూస్తే బూడిద, నీలం, గోధుమ రంగులు కలిసిన మరకల్లా కనిపిస్తాయి. వందేళ్లలో ఆ రంగులు వెలిసిపోయి మట్టి బూడిద రంగు మిగిలి ఉండొచ్చు, ఫర్వాలేదు. కానీ గార్డ్, హ్యామర్, ట్రిగ్గర్ మూడూ ఒంటితో పాటు తళతళా మెరుస్తుంటే ఎవరో ఎప్పుడో మళ్లీ పూత వేయించారన్నమాట. అది మీ తాతగారి కాలంలోనే జరిగి ఉండొచ్చు.

ఇంకో చోటు అక్షరాలు. బ్యారెల్ పైన కంపెనీ పేరు, పేటెంట్ తేదీలు సన్నగా చెక్కి ఉంటాయి. అసలు పూత అయితే అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. మళ్లీ పూత వేయాలంటే ముందు పాతది గీకి, లోహాన్ని సానపట్టాలి. ఆ సానలోనే అక్షరాల అంచులు కరిగిపోతాయి. ఒక అక్షరం లోతుగా, పక్కది చదవలేనంత పల్చగా ఉంటే సానపట్టిన చక్రం ఏ దిక్కునుంచి వచ్చిందో కూడా చెప్పేయొచ్చు. స్క్రూ రంధ్రాల చుట్టూ వేలు తిప్పండి. అంచు చదునుగా ఉండాల్సిన చోట చిన్న గుంటలా జారితే అదీ అదే కథ. స్క్రూ తలల మీద గాట్లు చిట్లిపోయి ఉంటే ఎవరో సరిగా పట్టని స్క్రూడ్రైవర్‌తో లోపలికి వెళ్లారని అర్థం. నేనైతే ధర చెప్పే ముందు బ్యారెల్ కంటే స్క్రూలే ఎక్కువసేపు చూస్తాను.

తర్వాత నంబర్లు. ఈ రకంలో సీరియల్ నంబర్ పిడి అడుగున ఉంటుంది. అదే నంబర్ సిలిండర్ వెనక ముఖం మీద, బ్యారెల్ గొళ్లెం దగ్గర కూడా ఉండాలి. నల్లటి గట్టి రబ్బరు పిడి పలకలు విప్పితే లోపలి వైపు అదే నంబర్ గీకి ఉండటం కూడా కద్దు. విప్పడం మీరు చేయకండి, డీలర్ దగ్గరి మేస్త్రీని చేయమనండి. అన్నీ కలిస్తే ఒక ధర, సిలిండర్ వేరేదైతే ఇంకో ధర. ఈ డబుల్ యాక్షన్ రకం 1880 నుంచి 1919 దాకా మూడు లక్షలకు పైగా తయారైంది, కాబట్టి అరుదైనది కాదు. అరుదు కాని వస్తువులో స్థితే సర్వస్వం. సగం పూత ఊడినా అసలుదైతే నేను దానికే ఎక్కువ కడతాను, నిన్న వేయించినట్టున్న నిండు పూతకు కాదు.

ఇక పెద్దది. మార్క్ 6 రకం 1915లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది, ఆరంగుళాల బ్యారెల్, అడుగున చదరపు పిడి. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షల్లో చేశారు. కాబట్టి 1916 అనే అంకె చూసి అరుదైనది అనుకోవద్దు, ఆ అంకె చాలావాటి మీద ఉంటుంది. చూడాల్సింది వేరే. బాణం మొన లాంటి సైనిక ముద్ర ఉందా? రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా ఉన్న ముద్ర ఉందా? ఉంటే సైన్యం దాన్ని అధికారికంగా బయటికి అమ్మిందని గుర్తు. పౌరుల చేతికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు అదే సగం జవాబు. బర్మింగ్‌హామ్‌లో తుపాకీని పరీక్షించి కొట్టే ముద్రలు, కిరీటం కింద అక్షరాలు, పదునుగా ఉన్నాయా? ఫ్రేమ్ నంబర్, సిలిండర్ నంబర్ ఒకటేనా? పిడి అడుగున తాడు కట్టే రింగు ఉందా? బ్యారెల్ మూసి పట్టుకుని మెల్లగా ఊపితే గొళ్లెం దగ్గర ఆడుతోందా? బ్యారెల్ లోపల గీతలు స్పష్టంగా ఉన్నాయా, లేక నల్లటి గుంటలు పడ్డాయా? మన వైపు చాలావాటికి ఈ గుంటలే శాపం. పాత తూటాల క్యాప్‌లలోని రసాయనం కాల్చాక లోపల ఉప్పులా మిగిలి చెమ్మ పీలుస్తుంది. కాల్చిన రోజే శుభ్రం చేయకపోతే వానాకాలం ఒక్కటి చాలు.

అమెరికాలో చాలా మార్క్ 6లకు సిలిండర్ వెనక భాగం కోసి .45 తూటాలు పట్టేలా మార్చారు. అక్కడి వీడియోల్లో ఒకే మోడల్‌కు ధరలు అంత తేడాగా ఉండటానికి అదొక కారణం.

నకిలీల గురించి రెండు మాటలు. వెబ్లీ పేరుతో పాకిస్థాన్-అఫ్ఘాన్ సరిహద్దు పర్వత గ్రామాల్లో, మన దేశంలోనూ చేతితో చేసిన నకళ్లు ఉన్నాయి. వాటిని పట్టుకోవడం అంత కష్టం కాదు. ఇంగ్లిష్ ఎన్ అక్షరం తిరగబడి ఉంటుంది, అక్షరాలు వరుస తప్పుతాయి, కిరీటం బొమ్మ పిల్లలు గీసినట్టుంటుంది. బెల్జియం, స్పెయిన్ సరుకు వేరే లెక్క. అవి నకళ్లే అయినా నిజమైన ఫ్యాక్టరీ వస్తువులు. బెల్జియం లీజ్ పట్టణం ముద్ర కోడిగుడ్డు ఆకారపు గీతలో మూడు అక్షరాలుగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో పరీక్షించిన విదేశీ తుపాకుల మీద 'ఇంగ్లిష్ తయారీ కాదు' అన్న అర్థంలో ముద్ర కొట్టిన కాలం ఒకటుంది. అది చూసి కంగారు పడనక్కర్లేదు, కానీ వెబ్లీ ధర మాత్రం అడగొద్దు.

నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చే తుపాకుల్లో నాకు ఆసక్తి పుట్టించేది ఇంకొకటి, అది లోహం కాదు, కాగితం. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు, ఊరూరా దేశ్‌ముఖ్‌ల గడీలు ఉన్న ప్రాంతం ఇది. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత ఎన్నో ఆయుధాలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి. మిగిలినవాటికి కథలు పుట్టాయి. 'నిజాం ప్రభువు బహూకరించింది', 'సాయుధ పోరాటంలో వాడింది', 'రజాకార్ల దగ్గర గుంజుకున్నది'. ఈ మూడు కథలూ నేను ఎన్నిసార్లు విన్నానో! మర్యాదగా తలూపుతాను, కానీ ధరలో ఒక్క రూపాయి కలపను. ఎందుకంటే కొనేవాడు రేపు ఇంకొకడికి అమ్మేటప్పుడు ఆ కథను వెంట తీసుకెళ్లలేడు. కాగితాన్ని తీసుకెళ్లగలడు.

మీ ఇంట్లో సందుగ అడుగున ఉర్దూలో రాసిన పాత లైసెన్స్ ఉందేమో చూడండి. హైదరాబాద్ రాజ్యం కాలపు కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947-48. ఆ కాగితం మీద తుపాకీ నంబర్ ఉండి, అది మీ తుపాకీ మీది నంబర్‌తో కలిస్తే, అప్పుడు కథకు విలువ వస్తుంది. అలాగే బ్యారెల్ మీద అమ్మిన దుకాణం పేరు ఉందా చూడండి. కలకత్తా రోడ్డా, మాంటన్, లండన్ ఆర్మీ అండ్ నేవీ లాంటి పేర్లు ఉంటే సేకరించేవాళ్లు ఇంకో పది నిమిషాలు ఆగి చూస్తారు. రోడ్డా కంపెనీ సరుకులోంచే 1914లో బెంగాల్ విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లు ఎత్తుకుపోయారు. ఆ పేరు అప్పటి నుంచి చరిత్ర పుస్తకాల్లో ఉంది. తోలు ఒర, కొన్నప్పటి రసీదు, చెక్క పెట్టె, శుభ్రం చేసే కడ్డీ ఏది దొరికినా పారేయకండి. తుపాకీతో పాటే ఇవ్వండి, విడిగా కాదు.

ఇక కాగితాల పని. ఇది విసుగే, కానీ మీ రెండు తుపాకుల విలువలో పెద్ద భాగం ఇక్కడే ఉంది.

భూమిని సాదాబైనామా మీద చేతులు మార్చినట్టు తుపాకీని మార్చలేరు. లైసెన్సుదారు చనిపోయాక వారసుల దగ్గర ఆ ఆయుధం ఉండటమే చట్టవిరుద్ధం, అందుకే డిపాజిట్. ఆ పని మీరు చేశారు, మంచిది. డిపాజిట్‌లో ఉండగా వారసులకు రెండు దారులు. ఒకటి, మీలో ఒకరు లైసెన్స్ తీసుకుని వెనక్కి తెచ్చుకోవడం. రెండోది, లైసెన్స్ ఉన్నవాడికి అమ్మి ఆ డబ్బు తీసుకోవడం. కానీ దీనికి గడువుంది. నిబంధనల్లోని గడువు దాటేదాకా ఏదీ చేయకపోతే జిల్లా మేజిస్ట్రేట్ ఆదేశంతో అవి ప్రభుత్వపరం కావచ్చు. 'తర్వాత చూద్దాంలే' అని డీలర్ అద్దె కట్టుకుంటూ కూర్చున్న కుటుంబాలు కొన్నాళ్లకు ఆ అద్దెకే తుపాకీ వదిలేసుకోవడం నేను చూశాను.

మీకు ఇంకో చిక్కు ఉంది. పుస్తకం మహబూబ్‌నగర్‌ది, కానీ 2016లో జిల్లాలు విడిపోయాక కల్వకుర్తి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్లింది. దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్నది ముందు తేల్చుకోండి. పాత ఫైలు ఏ కలెక్టరేట్‌లో ఉందో, జాతీయ డేటాబేస్‌లో తాతగారి లైసెన్స్‌కు విశిష్ట సంఖ్య పడిందో లేదో అడగండి. ఆ సంఖ్య లేని పుస్తకానికి ఏ డీలరూ సరైన ధర చెప్పడు. తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులందరి అంగీకార పత్రాలు సిద్ధం చేసుకోండి. మేనత్తల సంతకాలు మర్చిపోవద్దు, చాలా బేరాలు చివర్లో అక్కడే ఆగుతాయి.

డీలర్ ద్వారా కాకుండా నేరుగా ఇంకొక లైసెన్సుదారుకు అమ్మాలంటే, ఆ కొనేవాడి వివరాలతో జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. ఇది లైసెన్స్ చేతిలో ఉండి అమ్మేవాళ్లకూ వర్తిస్తుంది. ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట: ఇంట్లో పెద్దాయనకు 70 ఏళ్లు నిండినా, లేదా ఆ ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, ఆయన బతికుండగానే వారసుడి పేరున లైసెన్స్ అడిగే వీలు 2016 నిబంధనల్లో ఉంది. ఆ పని అప్పుడే చేస్తే ఈ హైరానా అంతా ఉండదు.

'పాతది కదా, పనిచేయదు కదా, లైసెన్స్ ఎందుకు' అని ఎవరైనా అంటే వినకండి. చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజం. కాలం చెల్లిన రకం గానీ, పురాతన విలువ ఉన్నది గానీ, పాడైపోయినది గానీ అయి, రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి వీలుపడనిదై ఉండాలి. ఆ చివరి షరతే అసలైనది. మీ వెబ్లీకి స్ప్రింగ్ వేస్తే పనిచేస్తుంది, కాబట్టి అది తుపాకీయే. గడీ కూలగొడుతుంటే గోడలో దొరికినవైతే మరీ జాగ్రత్త. తాకకుండా, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకుండా, వకీలును పిలిచి, పోలీసులకు రాతపూర్వకంగా చెప్పి వాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి.

ఇప్పుడు మీకు నా సలహా. రెండింటినీ కలిపి ఎవరికీ అమ్మొద్దు. కలిపి అడిగినాయన చిన్నదాని కోసం అడుగుతున్నాడు, పెద్దది మీకు భారమని తెలుసు కాబట్టి ఊరికే వస్తుందని చూస్తున్నాడు. చిన్నదానికి వేర్వేరు ఊళ్ల డీలర్ల దగ్గర ధర అడగండి. అడిగేటప్పుడు రెండు ధరలు అడగండి: ఇప్పుడే కొంటే ఎంత, కొనేవాడు దొరికేదాకా మీ పేరునే ఉంచి అమ్మిపెడితే ఎంత, అందులో కమిషన్ ఎంత. గార్డ్, హ్యామర్ అసలు రంగులో ఉంటే రెండో పద్ధతిలో ఓపిక పట్టండి. మళ్లీ పూత వేసినదని తేలితే మొదటి ధరకే ఇచ్చేయండి, ఎదురుచూసినా పెరగదు. సీరియల్ నంబర్ కనిపించే ఫొటోలు ఎవరికీ వాట్సాప్‌లో పంపొద్దు. ఖాళీ కాగితం మీద సంతకం అసలే పెట్టొద్దు.

పెద్దదానికి తొందరపడొద్దు. ముందు అది నిజంగా .455 అని గన్‌స్మిత్ చేత తేల్చి రాయించుకోండి. తూటా పెట్టి చూడటం కాదు, కొలిచి చూడటం. తర్వాత మీ ఇంట్లో ఎవరికైనా దాన్ని ఉంచుకోవాలని ఉంటే హోంశాఖకు వెళ్లే దరఖాస్తు కలెక్టరేట్ నుంచే కదులుతుంది, అడిగి చూడండి. లేదంటే ఆ బోర్‌కు అనుమతి ఉన్న కొనుగోలుదారు దొరకాలి, ఆ సంఖ్య చాలా తక్కువ. ఉర్దూ కాగితం దొరికి, నంబర్ కలిస్తే మాత్రం అమ్మకం మాట పక్కనపెట్టి ఏదైనా మ్యూజియం వాళ్లతో మాట్లాడటం నాకు సబబనిపిస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ చూసి రండి, మీ చేతిలో ఉన్నది ఏపాటిదో కొంత అంచనా వస్తుంది.

మీరు అడగలేదు గానీ, తాతగారి బీరువాలో పాత తూటాలు ఉన్నాయేమో ఈరోజే వెతకండి. తుపాకీ డిపాజిట్ చేసి తూటాలు ఇంట్లో మర్చిపోవడం మామూలే. లైసెన్స్ లేకుండా అవి ఉంచుకోవడం కూడా నేరమే. దొరికితే డీలర్‌కు ఫోన్ చేసి, ఎన్ని ఉన్నాయో రాసి, ఎలా అప్పగించాలో అడిగి అప్పగించి, రసీదు తీసుకోండి. కైనాక్, ఈలీ లాంటి పాత కంపెనీల అట్టపెట్టెలు ఖాళీగా ఉంటే అవి మీ దగ్గరే ఉంచుకోవచ్చు. వాటిని కొనేవాళ్లు కూడా ఉన్నారు, వాటికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.